భానుదేవుని పురుగుమందు

వైశాఖము ముదిరి, రెంటచింతలయు రామగుండమును ఉష్ణోగ్రతల పట్టికలో అగ్రాసనమునకై పోటీపడు దినములలో మన గ్రామములందు ఒక జాతి పండితులు ప్రత్యక్షమగుదురు. వీరు పంకా క్రింద సుఖాసీనులై, చల్లని మజ్జిగ పుచ్చుకొని, మీసములకంటిన నురుగు తుడుచుకొనుచు, "ఈయేటి యెండకు పురుగన్నది బ్రతికి బట్టకట్టదు, వానకారున మందుల ఖర్చు మిగిలినట్లే" యని రైతులకు అభయప్రదానము గావింతురు. సూర్యభగవానుడు వ్యవసాయశాఖలో జీతము లేని యుద్యోగిగా చేరినట్లును, ఆయన చేసిన పనిని తాము స్వయముగా తనిఖీచేసి వచ్చినట్లును వారి వదనములందు వెల్లివిరియు ప్రసన్నత వర్ణనాతీతము.

వీరి తర్కము మిక్కిలి సరళము. 47 డిగ్రీలకు మనిషి సొమ్మసిల్లును. పురుగు మనిషికంటె చిన్నది. కావున పురుగు చచ్చును. అయితే ఆ 47 అనునది, నేలకు నాలుగైదడుగుల యెత్తున, గాలియాడు తెల్లని కొయ్యపెట్టెలో, నీడపట్టున నుంచిన ఉష్ణమాపకము చెప్పిన అంకె. ఆ పెట్టెలో ఏ పురుగును కాపురముండదు. లద్దె పురుగు కోశస్థదశలో మట్టిలోపల పరుండియుండును. నేల పైపొర పెనమువలె కాలుచున్నను, బెత్తెడు లోతున మధ్యాహ్నపు తీవ్రత చాలవరకు అణగిపోవును. తెల్లదోమ ఆకు అడుగున నివసించును. ఆకు తనలోని నీటిని ఆవిరిచేసి తన్ను తాను చల్లబరచుకొనుచు ఆ యతిథికిని చలువ పంచిపెట్టును. ఇక పత్తిలోని గులాబి రంగు పురుగు సంగతి చెప్పనక్కరలేదు: అది రెండు గింజలను పట్టుదారముతో జతచేసి, నడుమ దూరి, చేలో విడిచిన యెండుకాయలలోనో జిన్నింగు మిల్లు మూలలలోనో వేసవియంతయు నిద్రించి, మన పండితులకంటె సుఖముగా కాలము గడపును.

అంతకంటె విచిత్రమేమనగా, చంపునంతటి వేడి కానిచో, ఆ వేడియే పురుగునకు పౌష్టికాహారము. కీటకమునకు స్వంత దేహోష్ణము లేదు. పరిసరములు వెచ్చబడుకొలది, ఒక హద్దువరకు, దాని పెరుగుదల వేగిరపడును. 2018లో కర్ణాటకమున కనబడి, పిమ్మట మన మొక్కజొన్న చేలకు వలసవచ్చిన కత్తెర పురుగు, గ్రుడ్డునుండి రెక్కల పురుగగుటకు 18 డిగ్రీలలో సుమారు 70 దినములు పుచ్చుకొనగా, 32 డిగ్రీలలో 20 దినములతో సరిపెట్టుకొనును. ఒక తరము పుట్టు కాలములో మూడు తరములు! భూగోళము ఒక్కొక్క డిగ్రీ వేడెక్కుకొలది వరి, గోధుమ, మొక్కజొన్నలలో కీటకములవలని నష్టము నూటికి 10 నుండి 25 వంతున పెరుగునని 2018లో ప్రకటితమైన యొక లెక్క చెప్పుచున్నది.

అట్లని ఎండ నిర్వీర్యమని నేననను. పండితులకు కొంత దయాభిక్ష పెట్టవలసియే యున్నది. తీవ్రతాపము ప్రాణమును తీయుటకు ముందే సంతానశక్తిని తీయును. 2018లో ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయము వారు ఎర్ర పిండి పురుగులను ఐదు దినములు 42 డిగ్రీలలో నుంచగా మగపురుగుల సంతానము సగమునకు పడిపోయెను. మరొకమారు అట్లే చేయగా అవి దాదాపు గొడ్డువోయెను. సుడిదోమ దేహములో నివసించి దానిని పోషించు సూక్ష్మజీవులు 35 డిగ్రీల వేడికే క్షీణించును. కాని ఆ ప్రయోగశాలలోని పురుగులకు పారిపోవు దారి లేదు. చేలోని పురుగునకు ప్రతి యాకును ఒక గొడుగు. పైగా కొద్దిపాటి వేడిని రుచిచూచి బ్రతికిన పురుగు తన కణములలో రక్షకమాంసకృత్తులను సిద్ధపరచుకొని మరునాటి పెద్ద వేడికి గుండె నిబ్బరముతో నిలుచును. ఈ విద్యకు తొలి యానవాలును ఇటలీ శాస్త్రజ్ఞుడు రిటోస్సా 1962లో ఈగల కణములలో కనిపెట్టెను. ఎండకు ముందుగా బలియగునది ఎవరు? పురుగు గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టి మనకు మేలుచేయు ట్రైకోగ్రామా వంటి చిన్న కందిరీగ. ఆ కందిరీగలను చేలో విడుచుటకై వాడు ట్రైకో కార్డును సాయంవేళ, ఆకు అడుగున కట్టుమని చెప్పుట అందులకే. శత్రువునకు గొడుగు పట్టి మిత్రుని మాడ్చు ఈ సైన్యాధిపతిని నమ్మి, మన పండితులు యుద్ధమునకు ముందే విజయోత్సవము జరుపుచున్నారు.

మన యిండ్లలోని స్త్రీలు ఇంత శాస్త్రము చదువకయే కందులు, పెసలు మిద్దెపై పలుచగా పరచి, మాటిమాటికి తిరుగబోసి, నడినెత్తి యెండ ప్రతి గింజకును తగులునట్లు చేసి, ఆ పిదపనే డబ్బాల కెత్తుదురు. మూతవేసిన డబ్బాలోని పుచ్చుపురుగును ఎండ తనంతట తానే వెదకి చంపునని ఏ యిల్లాలును నేటివరకు ఉపన్యసించి యెరుగదు. వేసవి దుక్కి ఫలించుటయు నిట్టిదే: నాగలి కోశములను తిరుగవేసి పైకి తెచ్చును, కొంగలును గోరింకలును ఏరి తినును, మిగిలినవి మాడును. పని నాగలిది, పక్షులది, బిరుదుమాత్రము ఎండకు.

ఆశ్లేష కార్తెలో పురుగు మరల కనబడగానే ఈ పండితులే "మందు కల్తీది" యని తీర్పు చెప్పుదురు. అయ్యా, అంతవరకు ఆగనేల? మీ యుపన్యాసము ముగిసిన చోటికి పది బారల దూరములోనే నిరుటి పత్తికట్టె యింకను చేలో నిలిచియున్నది. ముందు దానిని పెరికింపుడు.