ఆకెన్ వెళ్లే ల్యాప్‌టాప్‌కి మూఢం అడ్డురాదు

జర్మనీలోని ఆకెన్ నుంచి అడ్మిట్ వచ్చిన రోజు తెలుగింట్లో అందరికంటే ముందు నోరు తెరిచే ప్రశ్న ఒకటుంది: ల్యాప్‌టాప్ ఎప్పుడు కొందాం? అక్కడ ఏం చదువుతారు, ఎక్కడ పడుకుంటారు అన్నవి తర్వాత వస్తాయి, లేదా రావు. సభ కూడేసరికి ఆషాఢం గుమ్మంలో ఉంటుంది గనుక, ఆఫర్లుండగానే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బేరమాడితే బ్యాగూ మౌసూ ఊరికే వస్తాయని నాన్నగారి వాదం. ఆషాఢంలో కొత్త వస్తువేమిటి, శ్రావణం రానీయండి, శుక్రమూఢం సంగతి కూడా చూడాలి కదా అని అమ్మమ్మగారి అభ్యంతరం. ఇంకో మూణ్ణెల్లు ఆగితే కొత్త చిప్ వస్తోంది, ఇప్పుడు కొన్నవాడు వెర్రివాడు అని బాబాయి కొడుకు జోస్యం. బ్లాక్ ఫ్రైడేకి అక్కడే కొనుక్కోమని జర్మనీ సీనియర్ వాట్సాప్ సలహా. నలుగురూ నాలుగు తేదీలు చెప్పారు. మొదటిది కొట్టువాడిది, రెండోది శుక్రుడిది, మూడోది చిప్ కంపెనీది, నాలుగోది గోడౌన్ ఖాళీ చేసుకునేవాడిది. చదవబోయేవాళ్ల తేదీ ఒక్కటీ లేదు. యంత్రం కొనడానికి సరైన వేళ దానితో చేయాల్సిన పని తెలిసిన వేళే. ఆకెన్ వెళ్లేవాళ్లకి ఆ పని తెలిసేది అక్టోబరులో క్లాసులు మొదలయ్యాక.

ముందు చిప్ జోస్యాన్ని తేల్చేద్దాం, శాస్త్రీయంగా కనిపించే మూఢం అదొక్కటే కాబట్టి. ఆడమ్ ఆస్‌బోర్న్ అనే పెద్దమనిషి ఉండేవాడు. రమణ మహర్షి భక్తుడూ రచయితా అయిన ఆర్థర్ ఆస్‌బోర్న్ కొడుకు. బాల్యం చాలావరకు తమిళనాడులోనే గడిచింది. అమెరికాలో 1981లో 1,795 డాలర్లకు 'చేత పట్టుకుపోగల' కంప్యూటర్ అమ్మాడు. బరువు దాదాపు 11 కిలోలు. ఇవాళ ఫ్రాంక్‌ఫర్ట్ విమానం ఎక్కేవాడికి ఇచ్చే 8 కిలోల చేతిసామానులో అది పట్టేదే కాదు. అయినా బాగా అమ్ముడుపోయింది. 1983లో, ఇంతకంటే మంచిది రాబోతోందని ఆయనే ముందుగా నోరుజారాడు. కొనేవాళ్లు ఆగిపోయారు, సెప్టెంబరుకల్లా కంపెనీ దివాలా తీసింది. మునగడానికి ఇతర కారణాలూ ఉన్నాయంటారుగానీ, 'ఆస్‌బోర్న్ ఎఫెక్ట్' అన్న పేరు మాత్రం స్థిరపడింది. బాబాయి కొడుకు అదే ఎఫెక్ట్‌ని ఇంటింటికీ ఉచితంగా పంచుతున్నాడు. పోనీ, ఆగితే లాభమేనా అంటే దానికీ లెక్కుంది. 1999లో అరిజోనా విశ్వవిద్యాలయ ఖగోళ పరిశోధకులు కొందరు సగం సరదాగా, సగం సీరియస్‌గా ఒక పేపరు రాశారు. కంప్యూటర్ వేగం 18 నెలలకోసారి రెట్టింపవుతుందనుకుంటే, 26 నెలలు దాటే లెక్కని ఇప్పుడు మొదలెట్టడం దండగ, కొన్నాళ్లు షికారు చేసొచ్చి కొత్త యంత్రం మీద మొదలెట్టినా ముందే పూర్తవుతుంది, అంతకు లోపైతే వెంటనే కూర్చోవాలి అని. ఆకెన్‌లో ఎమ్మెస్ నాలుగు సెమిస్టర్లు, అంటే 24 నెలలు. రెండు నెలల తేడాతో చిప్ వాదన ఓడిపోయింది. థీసిస్ సాగి ఐదో సెమిస్టరులో పడేవాళ్లున్నారు నిజమే, కానీ ఆలస్యం చేయడానికి వాళ్లకి చిప్‌ల సాయం అక్కర్లేదు.

అలాగైతే ఇవాళే కొనేద్దాం అని లేచి నిలబడకండి. ఎదురుచూపులు రెండు రకాలు. బజారు కోసం ఆగడం ఒకటి, పని కోసం ఆగడం ఒకటి. మొదటిదానికి అంతం లేదు, ఎందుకంటే బజారు ఎప్పుడూ రేపే బాగుంటుంది. రెండోదానికి గడువుంది. 1870 నుంచి ఇంజినీర్లను తయారుచేస్తున్న ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆకెన్‌లో కోర్సుకో మాడ్యూల్ హ్యాండ్‌బుక్ ఉంటుంది. ఏ సబ్జెక్టులో ఏం నేర్పుతారో, పరీక్ష ఎలా పెడతారో అందులో రాసుంటుంది. ముహూర్తం చూడాల్సిన పంచాంగం అదే, తీరా ఇంట్లో దాన్ని తెరిచినవాళ్లు ఉండరు. అది చూడకుండా కొనడమంటే ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. సోమలింగం మ్యాక్‌బుక్‌తో దిగుతాడు. మెకానికల్‌లో చేరాక కాటియా, సాలిడ్‌వర్క్స్ విండోస్ మీదే నడుస్తాయని తెలుస్తుంది. ఇంకో సోమలింగం మెషీన్ లెర్నింగ్ కోసమని రెండున్నర కిలోల గేమింగ్ ల్యాప్‌టాప్, ఇటుకంత చార్జర్ మోసుకొస్తాడు. గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే కుడా కోడ్‌కి ఎన్‌వీడియా కార్డు కావాల్సిన మాట నిజమే. కానీ అసలు బరువు పని పడినప్పుడు విశ్వవిద్యాలయానికి క్లైక్స్-2023 అనే సూపర్ కంప్యూటర్ ఉంది, అందులో ఎన్‌వీడియా హెచ్100 కార్డులున్నాయి, థీసిస్ చేసే విద్యార్థులకీ దానిమీద సమయమిస్తారు. మ్యాట్‌ల్యాబ్ లైసెన్సు క్యాంపస్ మొత్తానికీ ఉంది. ఇంటి ముందు ఏరు పారుతుంటే నెత్తిన బిందె పెట్టుకుని సముద్రాలు దాటినట్టుంటుంది. ఎత్తుపల్లాల ఊరు, ఎప్పుడు పడుతుందో తెలియని వాన. ఆ బిందె బరువు వీపుకే తెలుస్తుంది.

అక్టోబరు దాకా దేనిమీద నెట్టుకొస్తారని ఎవరైనా అడుగుతారు. ఇక్కణ్ణుంచి ఆకెన్ వెళ్లేవాళ్లలో ఎక్కువమంది బీటెక్ పూర్తిచేసి ఎమ్మెస్‌కి పోయేవాళ్లు. నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివినవాళ్ల దగ్గర ల్యాప్‌టాప్ లేకుండా ఎలా ఉంటుంది? ఎస్‌ఓపీ రాసింది దానిమీదే, వీసాకి ముందు పట్టాలు పరిశీలించే ఏపీఎస్‌కి దరఖాస్తు నింపింది దానిమీదే, అర్ధరాత్రి వీసా స్లాట్ల కోసం రిఫ్రెష్ కొట్టీ కొట్టీ మీట అరిగింది దానిదే. ఇన్ని గండాలు గట్టెక్కించిన యంత్రానికి మొదటి నెల క్లాసు నోట్సు తెరవడం ఓ లెక్కా? అయితే నిజంగా చచ్చిన ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు, అసలు లేనివాళ్లు, విండోస్ 11 ఎక్కని పాత యంత్రాన్ని ఇంకో రకంగా వాడుకునే ఓపిక లేనివాళ్లు ఇక్కడే కొనుక్కోవాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు మద్దతు ఆపేసింది కాబట్టి ఈ చివరి రకం వాళ్లది బలమైన కారణమే. వాళ్లకి పని తెలిసిపోయింది, ముహూర్తం వచ్చేసింది.

అక్కడ ధరెక్కువ కదా అన్నది రెండో అభ్యంతరం. మన జీఎస్టీ 18 శాతం, జర్మనీ పన్ను 19. ఈ ఒక్క శాతం మీద ఊళ్లో ఉపన్యాసాలు నడుస్తున్నాయి. దానికి బదులుగా అక్కడ కొత్త వస్తువు లోపానికి అమ్మినవాడు రెండేళ్లు చట్టప్రకారం జవాబుదారీ, ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో తిరిగిచ్చేయొచ్చు. ఇక్కడి వారంటీ విమానం ఎక్కుతుందో లేదో కార్డు వెనక సన్నక్షరాలు చదివితేగానీ తెలియదు. అసలు అభ్యంతరం కీబోర్డు. జర్మన్ కీబోర్డు మీద వై, జెడ్ అక్షరాలు చోట్లు మార్చుకుని కూర్చుంటాయి. చూడకుండా టైపు చేసే అలవాటుంటే యాదగిరి జాదగిరి అవుతాడు, యామిని జామిని అవుతుంది. కోడ్ రాసేవాళ్ల బాధ ఇంకా లోతైనది. ఫ్లవర్ బ్రాకెట్ తెరవాలంటే స్పేస్‌బార్‌కి కుడిపక్క ఆల్ట్ జీఆర్ మీట నొక్కిపట్టి 7 కొట్టాలి, మూయాలంటే 0 కొట్టాలి. ఈమెయిల్‌లో ఎట్ గుర్తు క్యూతో కాపురం పెట్టింది. కష్టమే, కాదనను. సెట్టింగుల్లో లేఅవుట్ మార్చుకుంటే వేళ్ల అలవాటు మళ్లీ వేళ్లకి వస్తుంది. మార్చుకోకపోయినా నష్టం లేదు, ల్యాబ్ కంప్యూటర్ల ముందు కూర్చున్నప్పుడు అవే మీటలు ఎదురవుతాయి.

గట్టి అభ్యంతరం డబ్బుది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేస్తారు, చేతికొచ్చేది నెలకు 992, రూపాయల్లో సుమారు లక్ష. అందులోంచి ల్యాప్‌టాప్ కొంటే ఆ నెల అద్దెకీ అన్నానికీ ఏం మిగులుతుంది? ఈ మాటకి ఎదురులేదు. అందుకే ఆ సొమ్ము ఆషాఢంలో ఖర్చుపెట్టకుండా విడిగా దాచి పంపాలి. విద్యారుణంలో కంప్యూటర్ ఖర్చు కలుపుకునే వీలుంటే అది బ్యాంకుతో ముందే మాట్లాడుకోవాలి. కొట్టువాడి చేతిలో పెట్టే లక్షని పిల్లల చేతిలో పెట్టడం మనకెందుకింత కష్టమంటే, కారణం ల్యాప్‌టాప్‌లో లేదు. ఏపీఎస్ ఇంకొకరి చేతిలో ఉంది, వీసా కాన్సులేట్ చేతిలో ఉంది, గది దొరకడం దేవుడి చేతిలో ఉంది. ఈ మొత్తం యాత్రలో డబ్బిచ్చి చేతుల్లోకి తెచ్చుకోగలిగింది ఆ పెట్టె ఒక్కటే. అందుకే మన బెంగంతా దానిమీదికి మళ్లి, డిస్కౌంటు రూపంలో బయటపడుతుంది.

ఆకెన్‌ని ఏలిన చార్లెమేన్ చక్రవర్తి 814లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు, అక్కడి కెథడ్రల్‌లోనే సమాధి ఉంది. ఆయన జీవితం రాసిన ఐన్‌హార్డ్ ఒక ముచ్చట చెప్పాడు. పెద్దవయసులో చక్రవర్తికి అక్షరాలు దిద్దాలన్న కోరిక పుట్టి, రాత పలకలు తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడట, ఖాళీ దొరికినప్పుడు చేయి తిప్పడానికి. ఆలస్యంగా మొదలెట్టినందువల్ల రాత మాత్రం పెద్దగా అబ్బలేదట. సామ్రాజ్యానికి అధిపతి గనుక ఆ పలకలు మేలురకానివే అయ్యుంటాయి. వాటిని ఏ మాసంలో, ఎంత తగ్గింపుకి తెప్పించాడో ఐన్‌హార్డ్ రాయలేదు. దిద్దడం ఆలస్యంగా మొదలెట్టాడని మాత్రం రాశాడు.