హిందూపురం చరకా కథ

మన దేశంలో మల్బరీ పట్టుగూటి నుంచి దారం తీసే సాధనాలలో పాతదీ, తక్కువ పెట్టుబడితో సమకూరేదీ చరకా. నూలు రాట్నం పొట్టి పోగులకు మెలిపెట్టి దారంగా మారుస్తుంది. పట్టు చరకా అలా కాక, పురుగు అప్పటికే గూడుగా అల్లుకున్న పొడవైన పోగును తెగకుండా విప్పి, అటువంటి మరికొన్ని పోగులతో కలిపి ఒకే దారంగా చుడుతుంది. హిందూపురం పరిసరాలలో పనిచేసే, ఇక్కడ మనం కథ చెప్పుకుంటున్న చరకా ఈ కోవలోనిదే. అది చైనా పట్టును ఏనాడూ తాకలేదు. అయినా దాని పొయ్యి వెలగడమూ ఆరడమూ చాలాకాలం చైనా పట్టు ధరను బట్టే జరిగాయి కనుక, దాని చరిత్ర దిగుమతుల చరిత్రతో కలిసే నడిచింది.

ఈ చరకాకు ఉన్నదల్లా ఒక చెక్క చట్రం, చేతితో తిప్పే చక్రం, దారం చుట్టుకునే పెద్ద రీలు, ఎదురుగా ఇటుకల పొయ్యి మీద ఒక నీళ్ల తొట్టి. ఒకరు చక్రం తిప్పుతుండగా మరొకరు తొట్టి దగ్గర కూర్చుని, మరిగే నీటిలో గూళ్లను పుల్లతో కలియబెడతారు. పోగులను అంటిపెట్టుకున్న సెరిసిన్ అనే జిగురు వేడికి మెత్తబడగానే కొసలు పుల్లకు చిక్కుతాయి. వాటిని కొన్నింటిని జతచేసి, తారపట్టి అనే అమరిక గుండా రీలుకు పంపుతారు. ఒక్కో గూటిలో వందల మీటర్ల పోగు ఉంటుంది. ఒక గూడు అయిపోగానే దాని స్థానంలో మరొక గూటి కొసను అందించాలి, ఆ క్షణాన్ని కనిపెట్టేది తొట్టి దగ్గర కూర్చున్న మనిషి కన్నే. కన్ను అలసినప్పుడు దారం సన్నబడుతుంది, తొందరపడి రెండు కొసలు అందిస్తే లావవుతుంది. పట్టుదారం మందాన్ని డెనియర్లలో కొలుస్తారు; తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్ల దారం. చరకా దారం డెనియరు మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా నిలవదు కాబట్టి, మగ్గం మీద బిగువుకు తట్టుకోవలసిన పడుగుకు కాక, అడ్డంగా పోయే పేకకే దాన్ని ఎక్కువగా వాడుతూ వచ్చారు. చైనా నుంచి వచ్చిన దారం యంత్రాల మీద తీసినది కావడంతో సమంగా ఉంటుంది. నాణ్యతను బట్టి ఏ, రెండు ఏ, మూడు ఏ అని అంతర్జాతీయ వాడుకలో ఉన్న శ్రేణుల్లో దానికొక స్థానం ఉంటుంది. ధర మాట పక్కనపెట్టినా, దారం సమంగా లేకపోవడమనే ఈ ఒక్క లోటు చరకాను పోటీలో ముందే వెనక్కి నెట్టింది.

విదేశీ పట్టు పోటీ ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1930ల మాంద్యంలోనే చైనా, జపాన్ పట్టు చవకగా వచ్చిపడి పక్కనే ఉన్న మైసూరు సీమలోని పట్టు పరిశ్రమను కుదిపింది, రక్షణ సుంకాల కోసం అప్పుడే అభ్యర్థనలు సాగాయి. అయితే ఈ చరకా చూసిన కాలం వేరు. ప్రపంచ వాణిజ్య సంస్థ 1995లో ఏర్పడ్డాక, ఏ సరుకు ఎంత మేరకు దిగుమతి కావచ్చునో నిర్ణయించే పరిమాణ ఆంక్షలను భారతదేశం విడతలుగా ఎత్తివేస్తూ, 2001 ఏప్రిల్ 1తో మిగిలినవాటినీ తొలగించింది. దేశంలో అన్ని రకాల ముడిపట్టు ఉత్పత్తి కలిపి దాదాపు 16 వేల టన్నులుగా ఉన్న 2003-04లో, దిగుమతి సుమారు 9 వేల టన్నులకు చేరింది. ఒక దేశం తన సరుకును స్వదేశంలో అమ్మే సాధారణ ధర కంటే తక్కువకు పరదేశంలో అమ్మడాన్ని డంపింగ్ అంటారు. దానివల్ల స్థానిక పరిశ్రమకు నష్టం జరిగిందని విచారణలో తేలితే, మామూలు సుంకానికి అదనంగా యాంటీ డంపింగ్ సుంకం వేయవచ్చు. రెండు ఏ, అంతకు దిగువ శ్రేణుల చైనా ముడిపట్టు మీద 2003లో ఇటువంటి సుంకం పడింది. చరకా దారంతో నేరుగా తలపడేవి ఆ దిగువ శ్రేణులే కాబట్టి ఆ నిర్ణయం సరైన చోటే పడింది.

ఓడరేవులో దిగిన సరుకు ధర చరకా దాకా ఎలా చేరుతుందో వివరంగా చూడటం అవసరం. గూడు కట్టిన తరువాత పది పన్నెండు రోజుల్లో లోపలి పురుగు రెక్కల పురుగుగా మారి గూటిని తొలుచుకుని బయటకు వస్తుంది. తొలిచిన గూటి పోగు ముక్కలైపోతుంది, రీలింగుకు, అంటే దారం తీయడానికి, పనికిరాదు. అందువల్ల ధర బాగులేదని రైతు గూళ్లను ఇంట్లో దాచుకోలేడు, ఆ ఉదయం గూళ్ల మార్కెట్ వేలంలో పలికిన ధరకు ఇచ్చివేయక తప్పదు. గూళ్లు కొని దారం తీయించడానికి వేలం పాడే రీలరు పరిస్థితీ అంత మెరుగైనది కాదు. ముడిపట్టు తయారీ ఖర్చులో సింహభాగం గూళ్లదే. చరకా యజమాని చేతిలో ఉండే కొద్దిపాటి పెట్టుబడి ఈరోజు దారం అమ్మితేనే రేపటి గూళ్లకు అందుతుంది. చైనా దారం కిలో ధర తగ్గిందన్న కబురు రాగానే వ్యాపారి రీలరు దారానికి ధర తగ్గిస్తాడు, రీలరు మరునాటి వేలంలో పాట తగ్గిస్తాడు, తగ్గింపు చివరికి పురుగులకు ఆకు పెంచే రైతు మల్బరీ తోట వద్ద ఆగుతుంది. దిగుమతి సరుకు దేశంలో అమ్ముడయ్యే మొత్తంలో కొంత భాగమే కావచ్చు, కానీ ధర నిర్ణయమయ్యేది దాన్ని బట్టే.

ఈ ప్రభావం అన్నిటికంటే తీవ్రంగా కనిపించింది 2011లో. ముడిపట్టు ధర పెరిగి నేతగాళ్లు ఇబ్బంది పడుతున్నారన్న ఉద్దేశంతో ఆ ఏటి కేంద్ర బడ్జెట్ దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి దించింది. గూళ్ల ధరలు పడిపోయాయి, కర్ణాటకలోని రామనగరం చుట్టుపక్కల రైతులు వీధుల్లోకి వచ్చి ఆందోళన చేశారు. ఈ చరకా పనిచేసిన షెడ్లలో నష్టానికి దారం తీయడం కంటే పొయ్యి ఆర్పుకోవడమే మేలన్న లెక్కకు వచ్చినవారున్నారు. చక్రం తిప్పే కూలీకి ఆ లెక్క అంటే ఆ రోజు కూలి లేకపోవడమే. 2013లో సుంకం 15 శాతానికి పెరిగింది, తరువాత 10 శాతానికి తగ్గింది, 2021లో మళ్లీ 15 శాతమైంది. ఒకసారి నాటిన మల్బరీ తోట పదేళ్లకు పైగా ఆకునిస్తుంది, రీలింగు యంత్రానికి తీసుకున్న అప్పు ఏళ్ల తరబడి తీరుతుంది. ఇంత దీర్ఘకాలపు పెట్టుబడి కొన్నేళ్లకు ఒకసారి మారే సుంకాన్ని నమ్ముకుని నిలవదు. విదేశీ సరుకు చవకదనం కంటే ఈ అస్థిరతే దేశీయ ఉత్పత్తిదారుకు ఎక్కువ చేటు చేసిందని చెప్పాలి.

నేతగాడి పక్షాన్ని విస్మరించి ఈ విషయాన్ని తూచడం న్యాయం కాదు. ధర్మవరంలో చీర నేసే మనిషికీ, వారణాసిలో నేసేవాడికీ పడుగు తెగకపోవడం అంటే పూట గడవడం. సుంకం వేసి, పడుగుకు పనికొచ్చే చైనా దారాన్ని ప్రియం చేసి, దానికి బదులు సమమైన దేశీ దారాన్ని అందించకపోతే, ఒక పేదవాడి నష్టాన్ని తీసి మరొక పేదవాడి మీద మోపినట్టే. సుంకం ధరను కాపాడగలదు గాని, తొట్టి దగ్గర అలసిన కన్నుకు బదులు పనిచేయలేదు.

సమమైన దేశీ దారాన్ని అందించినవి ఏడాదికి రెండు తరాలుగా వచ్చి తెల్లగూళ్లనిచ్చే బైవోల్టీన్ పురుగుజాతులు, ఒకేసారి అనేక దారాలు తీసే మల్టీఎండ్ బేసిన్లు, దారం సన్నబడగానే తామే గుర్తించి కొత్త గూటి కొసను అందించే ఆటోమేటిక్ రీలింగ్ యంత్రాలు. అటువంటి యంత్రాలు మొదట చైనా నుంచే దిగుమతి అయ్యాయి; దారం దిగుమతి పరిశ్రమను కుంగదీస్తే, దారం తీసే యంత్రపు దిగుమతి దాన్ని నిలబెట్టడానికి తోడ్పడింది. దేశంలో అన్ని రకాల ముడిపట్టు ఉత్పత్తి 2016-17 నాటికి 30 వేల టన్నులు దాటగా, దిగుమతి 4 వేల టన్నుల లోపుకు తగ్గింది. ఈ మార్పులో చరకాకు దక్కిన చోటు చిన్నది. యంత్రం నిరాకరించే మచ్చల గూళ్లు, జంట పురుగులు కలిసి కట్టిన గూళ్లు ఇప్పటికీ దాని తొట్టికే వస్తాయి, ఆ ఎగుడుదిగుడు దారాన్నే కోరి పేకగా వాడే నేతలూ ఉన్నాయి. అయితే పొయ్యి ముందు పొగలో, వేడినీటిలో వేళ్లు నానుతూ రోజంతా కూర్చునే స్త్రీలు కూలి తగ్గకుండా మల్టీఎండ్ షెడ్లకు మారగలిగితే, చరకా స్థానం ఇంకా చిన్నదైనా దానికి అభ్యంతరం లేదు. బేసిను మార్చుకునే స్తోమత లేని చిన్న రీలరుకు అప్పు, శిక్షణ అందకుండా సుంకం ఒక్కటే పెరిగితే మాత్రం, ఆ రక్షణ ఫలం పెద్ద యూనిట్లకే చేరుతుంది.