మంచాయన

మా మావయ్య డెబ్భై ఎనిమిదో ఏట ప్రేమలో పడ్డాడు. ఎవరితోనో కాదు, మా అత్తయ్యతోనే.

అత్తయ్యకి మతిమరుపు మెల్లగా మొదలైంది. ముందు చారులో ఉప్పు రెండుసార్లు వేసేది. తర్వాత ఒకనాడు వీధి చివర గుడికి వెళ్లి ఇంటిదారి మరిచిపోయింది. అల్జీమర్స్ అన్నారు కాకినాడ డాక్టరుగారు. కొత్త సంగతులు జ్ఞాపకాలుగా కుదురుకోవాలంటే మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం పనిచేయాలి. ఈ జబ్బు చాలామందిలో మొదట దెబ్బతీసే భాగాల్లో అదొకటి. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు కానీ చిన్నప్పటి పెరట్లో నందివర్ధనం గుర్తుంటుంది. "పాతవి అంత తొందరగా పోవండీ" అని డాక్టరుగారు చెబితే మావయ్య కళ్లు తుడుచుకున్నాడు. యాభై ఏళ్ల కాపురం ఆవిడ దగ్గర భద్రంగా ఉందని ఆయన ధైర్యం.

ఆ తర్వాత కొన్నాళ్లకే, కాఫీ అందిస్తుంటే అత్తయ్య గ్లాసు పుచ్చుకుని "మీరెవరండీ?" అంది.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మనవడు తాతయ్యని కూర్చోబెట్టి ఒక సినిమా చూపించాడు. ఆడమ్ శాండ్లర్, డ్రూ బ్యారీమోర్ నటించిన ‘ఫిఫ్టీ ఫస్ట్ డేట్స్’, 2004 నాటిది. కథ హవాయిలో జరుగుతుంది. కారు ప్రమాదంలో లూసీ తలకి దెబ్బ తగులుతుంది. ఆనాటి దాకా జరిగినవన్నీ గుర్తే. ఆ తర్వాతి రోజులు మాత్రం రాత్రి పడుకుంటే తుడిచిపెట్టుకుపోతాయి. రోజూ లేచి ఇవాళ అక్టోబరు 13, నాన్న పుట్టినరోజు అనుకుంటుంది. ఆ పిల్ల మనసు కష్టపెట్టుకోకూడదని ఇంట్లోవాళ్లు రోజూ ఆ పుట్టినరోజే చేస్తారు. పాత తేదీ పేపరే మళ్లీ పెడతారు. ఆమె గోడ మీద వేసిన బొమ్మకి రాత్రి తెల్లరంగు కొట్టేస్తారు, తెల్లారి మళ్లీ వేసుకోవడానికి. ఆమెని ప్రేమించిన హెన్రీ రోజూ కొత్తగా పరిచయం చేసుకుని, రోజూ మొదటినుంచీ మెప్పించుకుంటాడు. చివరికి జరిగిందంతా ఒక వీడియో టేపు చేసి, ఆమె లేవగానే చూసేలా ఏర్పాటు చేస్తాడు. ఆ సినిమాలో చెప్పిన గోల్డ్‌ఫీల్డ్ సిండ్రోమ్ వైద్యశాస్త్రంలో లేదు, కథ కోసం కల్పించిందే. అయినా మావయ్యకి ఆ టేపు దగ్గర ఊపిరాడలేదు.

మనవడు ఇంకో నిజం సంగతి కూడా చెప్పాడు. క్లైవ్ వేరింగ్ అని ఇంగ్లండులో సంగీత విద్వాంసుడు. 1985లో వైరస్ మెదడుకి సోకి, ఏ కొత్త జ్ఞాపకమూ అర నిమిషం మించి నిలవని స్థితికి వచ్చాడు. కానీ భార్య డెబోరా గదిలోకి రాగానే, ఏళ్ల తర్వాత కనబడినంత సంబరపడిపోయేవాడు. ఆమె బయటికి వెళ్లి మళ్లీ వస్తే మళ్లీ అంతే సంబరం. "చూశావా తాతయ్యా, అన్నీ పోయినా ప్రేమ పోదు" అన్నాడు కుర్రాడు.

మావయ్య సంగతి కొంచెం చెప్పాలి. తాలూకాఫీసులో ఆయన చెప్పుల చప్పుడు వినబడితే గుమాస్తాలు మాటలు ఆపేసేవారు. ఇంట్లోనూ అంతే. సాయంత్రం బజాజ్ స్కూటరు వీధి మలుపు తిరుగుతుండగానే అత్తయ్య రేడియో కట్టేసి, మంచినీళ్ల చెంబుతో గుమ్మంలో నిలబడేది. కూర కుదరకపోతే కంచం గోడకి తగిలేది. "నోరే అంత, మనసు వెన్న" అని చుట్టాలు సర్దిచెప్పేవారు. ఆ మాట నాకెప్పుడూ మింగుడుపడలేదు.

అలాంటి మనిషి ఫోన్ ముందు కూర్చుని, పెళ్లిచూపుల్లో అత్తయ్య కట్టుకున్న వంగపండు రంగు చీర దగ్గర మొదలుపెట్టి, పిల్లల పుట్టుకలు, పెళ్లిళ్లు, కాశీయాత్ర అన్నీ చెప్పాడు. కంచాల మాట చెప్పలేదు. "మీరు కొన్ని మరిచిపోతున్నారు, భయపడకండి, నేనున్నాను" అని ముగించాడు. మనవడు దాన్ని టీవీలో పెట్టిచ్చాడు. రోజూ పొద్దున్న కాఫీతోపాటు అదీ.

జన్మలో ఆవిడని "ఒసేయ్" తప్ప ఇంకోలా పిలవని మావయ్య, కొత్త మనిషి చనువు చేస్తే బెదిరిపోతుందని "మీరు" అనడం నేర్చుకున్నాడు. మల్లెపూలు తెస్తే "పరాయి మగాడి దగ్గర పూలు పుచ్చుకుంటామా?" అని మొహం తిప్పుకుంది. మర్నాటి నుంచి గొట్టం కాజాలు తెచ్చాడు. అవి పుచ్చుకుంది. జడ వేయడం నేర్చుకున్నాడు. రేడియో తనే పెట్టి, పాట వస్తే గొంతు పెంచేవాడు. అలా రెండేళ్లు. ఆయన మారాడు, అందులో నాకు అనుమానం లేదు.

మొన్న ఉగాదికి వెళ్లాను. సాయంత్రం అరుగు మీద ఆయన బత్తాయి తొనలు గింజలు తీసి ఒక్కొక్కటీ అందిస్తున్నాడు. లోపల రేడియో మోగుతోంది.

"మీకు పెళ్లయిందా?" అని అడిగింది అత్తయ్య.

"అయిందండి."

"ఆవిడ అదృష్టవంతురాలు."

మావయ్య మొహం వెలిగిపోయింది. నా వంక ఓసారి చూసి, ఆశగా ముందుకి వంగి అడిగాడు. "మరి మీవారో?"

అప్పుడే వీధి మలుపులో ఎవరిదో పాత స్కూటరు చప్పుడైంది. అత్తయ్య చేతిలో తొన జారిపోయింది. ఒక్క ఉదుటున లేచి లోపలికి వెళ్లింది. రేడియో ఆగిపోయింది. చెంబుతో గుమ్మంలోకి వచ్చింది. నీళ్లు తొణికి కాళ్ల మీద పడుతున్నాయి.

"వచ్చేస్తున్నారు. లేవండి బాబూ, వెళ్లిపోండి. వీధిలోంచి వద్దు, పెరట్లోంచి వెళ్లండి."

"ఎందుకండీ అంత కంగారు? నేను మాట్లాడతాను" అన్నాడు మావయ్య.

అత్తయ్య గొంతు తగ్గించింది.

"ఆయన దెబ్బలు నాకు అలవాటే. మీరు మంచాయన, తట్టుకోలేరు."