మోడలుకు వీసా అక్కర్లేదు

చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. మంత్రిగారైనా, మాదాపూర్‌లో టెస్టింగ్ చేసే కుర్రాడైనా ఒకే వరుసలో నిలబడాలి. కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, తీరాక మళ్లీ వచ్చి 108. మొయినాబాద్ మండలంలోని ఈ స్వామికి వీసా బాలాజీ అని పేరు పెట్టింది మన సాఫ్ట్‌వేర్ జనమే. ఆయన దగ్గర అందరిదీ ఒకటే లాగిన్. అడ్మిన్ హక్కులు ఎవరికీ లేవు.

2025 సెప్టెంబర్ 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెడుతూ సంతకం చేశారు. చిలుకూరులో ఆ వారం ప్రదక్షిణలు ఎన్ని పెరిగాయో స్వామికే తెలియాలి. ఐదు రోజులు తిరిగేసరికి, 24వ తేదీన, మైక్రోసాఫ్ట్ ఒక ప్రకటన చేసింది: తన ఏఐ సహాయకుడు కోపైలట్‌లో ఇక ఓపెన్‌ఏఐ మోడళ్లే కాదు, ఆంత్రోపిక్ వారి క్లాడ్ కూడా పనిచేస్తుందని. ఇక్కడి మనిషి అక్కడి ఆఫీసులో కూర్చోవాలంటే లక్ష డాలర్లు. అక్కడి మోడల్ ఇక్కడి ఆఫీసులో కూర్చోవాలంటే, అడ్మిన్ ఒక మీట నొక్కితే చాలు.

తర్వాత ఆ నొక్కే శ్రమ కూడా తప్పించారు.

మొదటి విడతలో అడ్మిన్ ఒప్పుకుంటేనే ఆ మోడల్ లోపలికి వచ్చేది. అదీ మైక్రోసాఫ్ట్ నిర్వహణలో లేని యంత్రాల మీద, ఆంత్రోపిక్ సొంత షరతుల కింద నడిచేది. 2026 జనవరి 7 నుంచి ఆంత్రోపిక్‌ను మైక్రోసాఫ్ట్ తన సబ్‌ప్రాసెసర్‌గా, అంటే తన ఒప్పందం కిందే పనిచేసే సబ్ కాంట్రాక్టరుగా చేర్చుకుంది. దాంతోపాటు అడ్మిన్ పేజీలో కొత్త మీట ఒకటి పెట్టింది. ఐరోపా సమాఖ్య, ఈఎఫ్‌టీఏ దేశాలు, బ్రిటన్‌లలో ఆ మీట ముందుగానే ఆఫ్‌లో ఉంటుంది. మిగతా ప్రపంచంలోని చాలామంది వ్యాపార ఖాతాదారులకు ముందుగానే ఆన్. ఆ మిగతా ప్రపంచంలో గచ్చిబౌలి ఉంది. అంటే జర్మనీ కంపెనీని 'రానివ్వమంటారా' అని అడుగుతారు, మనకు 'వచ్చేశాం, వద్దనుకుంటే చెప్పండి' అంటారు. అల్లుడు సంచితో సహా గుమ్మంలో దిగాక వద్దని చెప్పే ఇల్లు ఎక్కడుంది?

ఇందులో మైక్రోసాఫ్ట్‌ను ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం అన్యాయం. 2024 మేలో ఆఫీసు చాట్ యాప్ స్లాక్ వాడేవాళ్లు ఒక సంగతి తెలిసి గగ్గోలు పెట్టారు. ఆ కంపెనీ తన మెషీన్ లెర్నింగ్ మోడళ్లకు ఖాతాదారుల డేటాను వాడుకునే పద్ధతి ముందే అమల్లో ఉంది. వద్దనుకునే కంపెనీ తరఫున బాధ్యుడెవరో కూర్చుని ఈమెయిల్ రాయాలి. చేరడానికి సంతకం అక్కర్లేదు, బయటపడటానికే అర్జీ. ఈ పద్ధతి కనిపెట్టినవారు మన మండల ఆఫీసుల్లో కొన్నాళ్లు శిక్షణ పొందారేమోనని నాకు గట్టి అనుమానం.

ఐరోపావాళ్లకు అంత మర్యాద ఎందుకంటే, అక్కడ డేటా సరిహద్దు దాటితే అడిగే చట్టం ఉంది. మనకూ చట్టం ఉంది. 2023లో వచ్చింది. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీల మీద అసలు బాధ్యతలు మరో 18 నెలలకు, అంటే 2027లో వస్తాయి. మోడల్ మాత్రం జనవరి 7నే వచ్చేసింది.

మన కాగితాలు మనకు తెలియని మూడో మనిషి చేతికి వెళ్లే ఈ వ్యవహారం చేవెళ్ల రైతుకు కొత్త కాదు. 2020 అక్టోబర్ 29న భూమి రికార్డుల ధరణి పోర్టల్ మొదలైంది. భూమి రైతుది, రికార్డు ప్రభుత్వానిది, సాఫ్ట్‌వేర్ నడిపింది ప్రైవేటు కంపెనీ. మధ్యలో ఆ కంపెనీకి యజమాని మారాడు, పేరు మారింది. పాస్‌బుక్ ఉన్న రైతుకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు, పేపర్లో చదువుకున్నాడు. 2024 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆ బాధ్యతను కేంద్ర సంస్థ ఎన్ఐసీకి అప్పగించింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఇన్ని మార్పుల్లోనూ రైతు అడిగింది ఒకటే మాట: 'తాళంచెవి ఎవరి దగ్గరున్నది సారూ?' ఎకరం కోట్లు పలికే మొయినాబాద్‌లో ఆ మాట అడగనివాడిని అమాయకుడంటారు. రెండు మానిటర్ల ముందు కూర్చుని జీతాల పట్టికను కోపైలట్‌కు తినిపించే ఉద్యోగి మాత్రం ఆ మాట అడగడు. ఆయన్ను టెక్ నిపుణుడంటారు.

'అయితే మీట ఆఫ్ చేసి తాళం వేద్దాం' అనే పెద్దమనుషులు కూడా ఉన్నారు. వారికి 111 జీవో గుర్తుచేయాలి. 1996 మార్చి 8న వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 84 గ్రామాల్లో నిర్మాణాలకు ఆంక్షలు పెట్టింది. కాగితం మీద ఇంతకన్నా గట్టి 'ఆఫ్' మీట తెలంగాణలో మరొకటి లేదు. ఇప్పుడు మొయినాబాద్ వెళ్లి చూడండి. ఎత్తు గోడ, దాని వెనక మామిడి తోట, తోట వెనక ఈతకొలను, కొలను పక్కన పెళ్లి మండపం. జీవో ఉంది, ఫామ్‌హౌస్ ఉంది, రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోకుండా ఇరవై ఏళ్లు కాపురం చేశాయి. చివరికి 2022లో జీవోనే సడలించారు.

ఆఫీసులో కూడా జరిగేది ఇదే. 2023లో శామ్‌సంగ్ ఇంజినీర్లు కంపెనీ సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో అతికించారు, కంపెనీ ఆ పనిముట్లనే నిషేధించింది. 2025 జనవరి 29న మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఆఫీసు కంప్యూటర్లలో, పరికరాల్లో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడొద్దని సర్క్యులర్ ఇచ్చింది. మంచిదే. కానీ జేబులో సొంత ఫోన్ ఉంది. ఆఫీసు తెరను ఆ ఫోన్‌తో ఫొటో తీసి, ఉచిత ఖాతాలో పెట్టి, సారాంశం రాయించి, వాట్సాప్‌లో తనకు తాను పంపుకొని, మళ్లీ ఆఫీసు మెయిల్‌లో అతికించడానికి నాలుగు నిమిషాలు చాలు. ఇదంతా ఏ లాగ్‌లోనూ ఉండదు. మీట ఆన్‌లో ఉంటే కనీసం ఒప్పందమన్నా ఉండేది. గోడ ఎత్తు పెంచితే ఫామ్‌హౌస్ ఆగదు, బయటికి కనిపించకుండా పోతుందంతే.

కాబట్టి నా దృష్టిలో ఆన్, ఆఫ్‌ల గొడవ రెండో సంగతి. ఏ మోడల్ వచ్చింది, ఏ ఫైళ్లు చూసింది, రానిమ్మని ఎవరు రాసిచ్చారు? ఈ మూడింటికి ఒక రిజిస్టర్ ఉండాలి, చివరి గడిలో మనిషి పేరు ఉండాలి. చెప్పడానికి తేలికే. ఆ చివరి గడి నింపడమే ఈ దేశంలో కష్టం. ఎలాగో చూద్దాం.

ఒక కంపెనీ అనుకోండి. పేరెందుకు, మీదే అనుకోండి. ఏఐ వాడకం మీద విధానం రూపొందించాలని శనివారం పెద్దలందరూ మొయినాబాద్ ఫామ్‌హౌస్‌కు బయల్దేరారు. నిబంధనల గురించి చర్చించడానికి అంతకన్నా తగిన చోటు దొరకదు. అక్కడ నాలుగు గోడల మధ్య మాట్లాడినది గోడలు దాటదనుకుంటే ఏమవుతుందో, 2022 అక్టోబర్ నాటి ఎమ్మెల్యేల కొనుగోలు కేసు తర్వాత రాష్ట్రమంతా టీవీలో చూసింది. అయినా ఆ కబురు వీళ్లకు చేరినట్టు లేదు. సమావేశం మొదలవగానే మాటలన్నీ రాసిపెట్టమని కోపైలట్‌నే కూర్చోబెట్టారు.

మన డేటా దేశం దాటుతుందా అని ఫైనాన్స్ ఆయన అడిగాడు. పక్క మండలం షాబాద్‌లోనే, చందన్‌వెల్లిలో, అమెజాన్ డేటా సెంటర్ ఉంది కదా, దాటడం ఎందుకని హెచ్ఆర్ ఆవిడ ధైర్యం చెప్పింది. మనది అమెజాన్ కాదు, మైక్రోసాఫ్ట్ అని ఒకరు గుర్తుచేశారు. ఏదైతేనేం, పొలాలు మనవే కదా అన్నారు డైరెక్టర్ గారు. పక్కింట్లో బీరువా ఉంటే మన నగలు భద్రమన్నట్టుంది ఈ వాదన. అందరూ తలూపారు. బిర్యానీ వచ్చింది.

సోమవారం ఐటీ అడ్మిన్ కుర్రాడు ముందుజాగ్రత్తగా మీట ఆఫ్ చేశాడు. ఆఫ్ చేస్తే కొంపేమీ మునగదు, ఓపెన్‌ఏఐ మోడళ్లు ఎలాగూ ఉంటాయి. మధ్యాహ్నానికి డైరెక్టర్ గారి ఫోన్.

'ఏందయ్యా, నా కోపైలట్ రిసెర్చర్‌లో క్లాడ్ కనబడ్తలేదు?'

'ఆఫ్ చేసిన సార్. పాలసీ తేలేదాకా ఆగుదామని.'

'పాలసీ సంగతి తర్వాత. ముందు ఆన్ చెయ్.'

'చేస్తా సార్. ఒక మెయిల్ పెట్టరా, రికార్డుకు ఉంటది.'

'మెయిల్ ఎందుకయ్యా? నోటితో చెప్తున్న కదా.'

'రిజిస్టర్‌లో పేరు రాయాలె సార్.'

అవతల కాసేపు మాట లేదు.

'నీ పేరు రాసుకో' అని ఫోన్ పెట్టేశారు.