మార్దవ మాహాత్మ్యము

నలువదియైదేండ్లు దాటిన స్త్రీ విషయమున మన సమాజము చూపు ఔదార్యమునకు హద్దు లేదు. ఆమె మోకాళ్లకు తైలము, ఎముకలకు కాల్షియము మాత్ర, రక్తపోటునకు ఉప్పు తగ్గించిన పప్పు, మనశ్శాంతికి లలితా సహస్రనామ పారాయణము, ప్రొద్దుపోవుటకు టెలివిజను ధారావాహికలు, ప్రొద్దు చాలకుండుటకు మనుమలు, ఇన్నింటిని ముందుగనే అమర్చిపెట్టి, వీనికి వెలుపల ఆమెకు వేరొక కోరిక యుండునేమో యను శంకకు చోటే మిగులకుండ చేసిన దూరదృష్టి మనది. ముట్లుడిగిన దినముననే కోరికయు మూటాముల్లె సర్దుకొని దేహమునుండి సెలవు పుచ్చుకొనునని, అట్లు పుచ్చుకొననిచో అది కోరిక చేసిన అమర్యాదయే గాని మన లెక్కలోని తప్పు కాదని తరతరములుగ నమ్మియున్నాము.

దేహము మాత్రము ఈ నమ్మకమును లక్ష్యపెట్టదు. భారతదేశమున స్త్రీకి సగటున 46, 47 ఏండ్ల ప్రాయమున రజోనివృత్తి కలుగును. ఆ పిమ్మట ఈస్ట్రోజెన్ తగ్గుటచే యోనిలోని పొర పలుచనై, సహజమైన తడి యింకి, కాపుగా నుండిన లాక్టోబాసిల్లస్ సూక్ష్మజీవులు క్షీణించి, అంతకుముందు 3.8 మొదలు 4.5 వరకు నుండిన పీహెచ్ సంఖ్య 5 దాటిపోవును; నిన్నటివరకు నిరపాయముగ సహించిన సబ్బునకే నేడు మంట పుట్టును. రాత్రులు నిద్ర చెరచు ఒంటి సెగలు కొన్నేండ్లకు సాధారణముగ సద్దుమణగును గాని, ఈ పొడితనము తనంత తాను పోవునది కాదు. వైద్యులు 2014లో దీనికి జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్ అని పేరిడిరి. రజోనివృత్తి నందిన స్త్రీలలో ఇంచుమించు సగము మంది దీనిని అనుభవింతురు. ఇంత సామాన్యమైన బాధను వైద్యునితో చెప్పుకొను స్త్రీలు తక్కువ. తామై అడుగు వైద్యులు ఇంకను తక్కువ. చెప్పనివారికిని అడుగనివారికిని నడుమ పరచుకొనిన ఆ విశాలమైన మౌనములో చల్లగా దుకాణము తెరచినవాడే నేటి మన కథానాయకుడు: సున్నిత చర్మము గల మధ్యవయస్సు మహిళలకై ప్రత్యేకముగ ద్రవములు, లేపనములు, సుఖసాధనములు అమ్ము మహానుభావుడు.

ఈతని పెట్టె లేతగులాబి రంగున నుండును. దానిపై ఒక తామరరేకు, దాని ప్రక్కన ఒక నీటిబొట్టు, దిగువను బిరుదావళి. మొదటి బిరుదు ‘ప్రకృతిసిద్ధము’. ప్రకృతి యనగానే కరుణామయియగు తల్లి యని కరగిపోవు మనకు, దూలగొండియు ప్రకృతిసిద్ధమేయని, ఒంటికి తగిలిన చోటనెల్ల బొబ్బలెక్కించు జీడిరసము సైతము ఏ కర్మాగారమునను పుట్టలేదని జ్ఞప్తికి రాదు. టీ ట్రీ తైలము, లావెండరు, పుదీనా సత్తు మొదలైనవన్నియు చెట్టునుండి వచ్చినవే. చర్మమునకు మంటయు దురదయు కలిగించు పదార్థముల పట్టికలలో తరచుగ కనబడునవియు ఇవియే. రెండవ బిరుదు ‘చర్మవైద్యులచే పరీక్షింపబడినది’. పరీక్ష వ్రాసివచ్చితినని తండ్రితో చెప్పి ఫలితముల ఊసెత్తని కుమారుని తెలివి ఈ వాక్యమున నున్నది. పరీక్షింపబడినదనియే యున్నది, ఉత్తీర్ణమైనదని లేదు. ఎందరిపై, ఏ వయసువారిపై, దేహమున ఏ చోట పరీక్షించిరను ప్రశ్నలకు తామరరేకు బదులు చెప్పదు. ముంజేతి చర్మము సహించిన దానినెల్ల యోనిలోని పలుచని పొరయు సహించునని భావించుట, గుమ్మము మోయగల బరువును గుడ్డతెర మోయునని భావించుటయే.

మూడవదియు, బిరుదులలో చక్రవర్తియు ‘హైపోఅలర్జెనిక్’, అనగా అలర్జీ తక్కువగా కలిగించునది. ఈ చక్రవర్తి చరిత్ర మిక్కిలి రసవత్తరమైనది. అమెరికా ఆహార ఔషధ సంస్థ 1975లో, ఈ మాటను పెట్టెపై ముద్రించు కంపెనీ తన సరకు పోటీ సరకులకంటె తక్కువ ప్రతిచర్యలు కలిగించునని మనుష్యులపై జరిపిన పరీక్షలచే నిరూపింపవలెనని నియమము చేసెను. అల్మే, క్లినీక్ అను సౌందర్యసామగ్రి కంపెనీలు న్యాయస్థానమున కెక్కెను. 1977లో అప్పీలు కోర్టు ఆ నియమము చెల్లదని తీర్పు చెప్పెను. నాటినుండి ఆ దేశమున ఈ మాటకు ప్రభుత్వ ప్రమాణమే లేదు. ఏ కంపెనీకి ఏది తోచిన అదే దాని అర్థము. అట్టి మాట సముద్రములు దాటి వచ్చి మన అంగళ్లలో వైద్యశాస్త్రపు కిరీటము ధరించి కూర్చున్నది. దానికి మనము నమస్కరించి, అధికముగ రెండువందల రూపాయలు దక్షిణ సమర్పించుకొనుచున్నాము.

ఇక పెట్టె తెరచి ద్రవమును విచారింతము. ఇది తడి యిచ్చుటకు వచ్చినది. గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ వంటివి అతిగా కూర్చిన ద్రవము చిక్కగా, జారుడుగా, చూచుటకు ముచ్చటగా నుండును గాని, కణములలోని నీటికంటె దాని గాఢత మిక్కిలి హెచ్చుటచే ఆ కణములనుండియే నీటిని తనలోనికి లాగుకొనును. తడి యిచ్చెదనని లోనికి వచ్చి, ఉన్న తడిని మూట గట్టుకొనిపోవు ఈ అతిథిని గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే హెచ్చరించినది. ఆస్మోలాలిటీ యను ఆ గాఢత కిలోకు 380 మిల్లీఆస్మోల్లకు మించకుండుట శ్రేష్ఠమని, అట్టివి దొరకనిచో 1200 లోపలనైన నుండవలెనని ఆ సలహా. ఈ సంఖ్య మన పెట్టెలపై ఎందరు ముద్రించిరో వెదకి చూడుడు. తామరరేకు క్రింద లేదు, నీటిబొట్టు క్రింద లేదు, వెల ప్రక్కన అసలే లేదు. ఇవి చాలనట్లు ‘వెచ్చని అనుభూతి’, ‘చల్లని పులకింత’ యని రెండు రకములు. వెచ్చదనమునకై కొందరు మిరపకు కారమునిచ్చు పదార్థమునే వాడుదురు; చల్లదనమునకు మెంతాల్ సరేసరి. సున్నిత చర్మమునకని పెట్టెపై వ్రాసి లోపల మిరప సత్తు పోయుటకు కావలసిన ధైర్యము మన వంటవారికి కూడ లేదు.

సుఖసాధనముల సంగతి ఇంతకంటె చిత్రము. ప్లాస్టిక్కును మెత్తబరచుటకు కలుపు థాలేట్లు పసిపిల్లల ఆరోగ్యమునకు హాని చేయునను భయమున, ఐరోపా సంఘము 1999లో, నోట పెట్టుకొను బొమ్మలలో వానిని తాత్కాలికముగ నిషేధించి, 2005లో శాశ్వత నిబంధన చేసెను. శిశువు కొరుకు బొమ్మకు శాసనము లభించినది. ఆ శిశువును కన్న తల్లి వాడు వస్తువునకు లభింపలేదు. డెన్మార్కు పర్యావరణ సంస్థ 2006లో ఇట్టి సాధనములలోని రసాయనములను పరిశోధించి నివేదిక వెలువరించినది. ఐనను, ఈ వస్తువుల నిర్మాణమునకును భద్రతకును అంతర్జాతీయ ప్రమాణము, ఐఎస్ఓ 3533 అను సంఖ్యతో, 2021 వరకు రానేలేదు. వచ్చినదియు ఇష్టమున్నవారు పాటింపదగినదే గాని తప్పనిసరి కాదు. ఇన్నాళ్లును కంపెనీలు పెట్టె మూలన ‘కేవలము వినోదార్థము’ అని చీమతలకాయంత అక్షరములతో ముద్రించి, వస్తువును వాడవలసిన చోట వాడినచో తమకు బాధ్యత లేదని చేతులు దులుపుకొనిరి.

మన దేశమున ఈ వస్తువు ఇంకొక వేషము కూడ ధరింపవలెను. ఇచ్చట దాని పేరు మసాజరు. అది తీర్చునది మెడనొప్పి. విదేశమునుండి వచ్చిన కొన్ని మసాజర్లను చూచి, ఇవి వేరొక పనికి కూడ ఉపయోగపడవచ్చును గదా యని కస్టమ్సు అధికారికి అనుమానము కలిగినది. అశ్లీల పుస్తకములు, చిత్రములు, వస్తువులు దిగుమతి కారాదన్న 1964 నాటి ప్రకటనను పట్టుకొని ఆయన సరకును నిలిపివేసెను. వ్యాజ్యము పెరిగి పెరిగి బొంబాయి హైకోర్టునకు చేరగా, 2024 మార్చిలో న్యాయమూర్తులు ఆ అశ్లీలము వస్తువునందు గాక అధికారి ఊహయందే యున్నదన్న భావము వచ్చునట్లు తీర్పు చెప్పి, సరకునకు విముక్తి కలిగించిరి. తీర్పు సంతోషకరమే. కాని మెడనొప్పి పేర దేశములోనికి వచ్చిన వస్తువు, మెడనొప్పి ప్రమాణములచేతనే కొలువబడును. అది మెడకు మంట పుట్టించినచో ఫిర్యాదు చేయవచ్చును. వేరొక చోట పుట్టించినచో, ఆ చోటికి మీరేల తీసికొనిపోయితిరని కంపెనీయే తిరుగు ప్రశ్న వేయగలదు.

ఇంతటి సంకోచము గల సమాజము పురుషుని సుఖము విషయమున ఎంత నిస్సంకోచముగ నుండునో చూడగోరువారు ఏ రైలుపెట్టె కిటికీ కడనైన కూర్చుండిన చాలును. ఊరు సమీపించు కొలది గోడగోడకు నరముల బలహీనత, గోడగోడకు దాంపత్య వైఫల్యము, ఫలానా లాడ్జిలో ఫలానా వారమున వైద్యులుందురను సమాచారము, బండి వేగముగ పోవునప్పుడును చదువ వీలగునంతటి అక్షరములతో! కామసామర్థ్యమును పెంచెదమను మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమొకటి నిషేధించినదని ఆ గోడలకు తెలిసినట్లు లేదు. అరువదియేండ్ల పురుషుడు లేహ్యము కొనినచో అది ఆయుర్వేదము. ఏబదియేండ్ల అతని భార్య వాసన లేని ద్రవమొకటి కొనబోయినచో అది కలికాలము.

ఆమె కొనబోవు తీరును కూడ చూతము. మందుల అంగడిలో నలుగురు మగవారు తొలగిపోవువరకు ఆమె దగ్గు మాత్రల పట్టీలు చదువుచు నిలుచుండును. చివరకు గొంతు తగ్గించి, “బాబూ, నీళ్లతో చేసింది, వాసన లేనిది ఏదైనా ఉందా?” అని అడుగును. ఆ కుర్రవాడు తలయెత్తకయే లోపలికి కేకవేయును: “అన్నా, ఈ అమ్మగారేదో అడుగుతున్నారు!” అన్న వచ్చి, “ఎవరికమ్మా, అమ్మాయికా?” అని దయతో ప్రశ్నించును. ఆమె అవుననును, ఆ క్షణమున పెండ్లియైన కూతురిని కూడ ఈ వ్యవహారములోనికి లాగినందుకు మనసున నొచ్చుకొనును. చేతికందిన మొదటి డబ్బా వార్తాపత్రికలో చుట్టబడి, నల్లసంచిలో దూరి, బల్లపైకి వచ్చును. లోపలనేమున్నదో చదువుట, వేరొక దానితో పోల్చుట, మంట పుట్టినచో తిరిగి యిచ్చుట, వీనిలో ఒక్కటియు ఆమె వలన కాదు. మామిడిపండ్లు కొనునప్పుడు ముచ్చిక వాసన చూచి, గీసి, బేరమాడి, చివరకు ఇంకొక బండి కడకు పోవు నేర్పరి ఈ బల్లయొద్ద కన్నులు మూసికొని డబ్బు చెల్లించును. కొనువారు ప్రశ్నింపని సరకునకు నాణ్యమెందుకు? అందుచే ఈ వర్తకమున మూలధనము సిలికోను కాదు, గ్లిసరిన్ కాదు; ఆమె సిగ్గు.

ఆ సిగ్గును కూడ వర్తకుడు దొరికినంత వాడుకొని ఊరకుండడు. చాలనిచోట తానే పుట్టించును. అమెరికాలో 1920, 1930 దశకములలో లైసాల్ అను క్రిమినాశినిని స్త్రీల లోపలి శుభ్రతకని ప్రకటించి, భర్త ముఖము చాటుచేయుటకు భార్య అశుభ్రతయే హేతువని బొమ్మలతో బోధించిరి. చర్మమును కాల్చగల క్రెసాల్ కలిసిన ఆ ద్రవమును ‘సున్నితము’ అనియే పొగడిరి. మన టెలివిజనులో 2012లో ఒక ప్రకటన వచ్చినది: భర్త వార్తాపత్రికలో మునిగి భార్యను చూడడు, ఆమె రహస్యాంగములను తెలుపుచేయు ద్రవముతో స్నానమాడును, అంతట అతనికి పత్రికపై విరక్తి కలుగును. ఎనుబదియేండ్ల అంతరమున, రెండు ఖండములలో, కథ ఒక్కటే: లోపము ఆమెది, మందు మాది, వెల మీది.

ఇట్టివి పత్రికలలో వ్రాయదగిన సంగతులా యని కొందరు పెద్దలు కోపగింతురు. వారి సంస్కారమునకు నమస్కారము. వారి సంస్కారముచే లాభించువాడెవడో కూడ ఒకమారు విచారింపవలెనని ప్రార్థన. ఇంటిలో దీనిని ఎత్తరాదు, వైద్యుడు అడుగరాదు, పత్రిక వ్రాయరాదు. ఇక మాటలాడు స్వాతంత్ర్యము గలది లేతగులాబి పెట్టె యొక్కటే. మంచి సరకు లేకపోలేదు. చిత్తశుద్ధితో చేయువారును ఉన్నారు. ఐనను వారి పెట్టెపై నున్నదియు అదే బిరుదావళి యగుటచే, సజ్జనుని దుర్జనునినుండి వేరు చేయు గుర్తు కొనువారికి చిక్కుట లేదు.

ఆ గుర్తు గొప్ప రహస్యమేమియు కాదు. పరిమళము లేనిది, రుచి లేనిది, వేడియు చలువయు నటింపనిది, దినుసులన్నియు పేరుపేరున వ్రాసినది ద్రవములలో మేలు. కొత్తదానిని ముందు మోచేతి లోపలివైపు రాచి ఒకటి రెండు దినములు చూడవలెను. అచ్చట మంట పుట్టినచో ముందుకు పోనక్కరలేదు. సాధనములలో మంచి సిలికోను, గాజు, ఉక్కు వంటి రంధ్రములు లేని పదార్థములు శుభ్రమగును; జిగురువాసన కొట్టు మెత్తని జెల్లీ ప్లాస్టిక్కు శుభ్రము కాదు. సిలికోను వస్తువునకు సిలికోను ద్రవము పూసినచో ఉపరితలము చెడవచ్చును. నీటి ద్రవము క్షేమము. నూనెలు రబ్బరు తొడుగులను చెరచును. ఈ ద్రవములకు లొంగని పొడితనమునకు, వైద్యులు వ్రాసియిచ్చు స్వల్పమాత్రపు ఈస్ట్రోజెన్ క్రీములున్నవి, అడిగినచో వ్రాయుదురు.

కాబట్టి ఆ తల్లి ఇకమీదట అంగడిలో దగ్గు మాత్రల పట్టీలు చదువుట మాని, డబ్బాను వెలుతురునకు త్రిప్పి దినుసుల పట్టీ చదువుగాక. పట్టీ లేనిదానిని బల్లపైననే విడిచి వచ్చుగాక. ఎవరికమ్మా యని అడిగినచో, “నాకే, బాబూ” అని చెప్పుగాక. అంగడివాడు సిగ్గుపడినచో పడనిండు. ఆ సిగ్గునకు ఆమె తన చర్మముతో వెల చెల్లింపనక్కరలేదు.