శుక్రవారం సైకాలజిస్టు

కువైట్‌లో నలుగురు తెలుగువాళ్ళు చేరిన ప్రతిచోటా ఒక చిన్నాయన ఉంటాడు. రాజంపేట వైపు నుంచో, రాయచోటి వైపు నుంచో వచ్చి ముప్పై అయిదేళ్ళు దాటి ఉంటుంది. వారమంతా ఏ అరబ్బు ఇంట్లోనో డ్రైవరు, శుక్రవారం సాయంత్రం మాత్రం మనసు వైద్యుడు. మాలియా, ముర్గాబ్ వీధుల్లో రద్దీ పలచబడ్డాక సముద్రం ఒడ్డున గడ్డి మీద చాప పరుస్తాడు. ఒక పక్క సులేమానీ టీ ఫ్లాస్కు, ఇంకో పక్క పొద్దుతిరుగుడు గింజల పొట్లం. ఎదుటి కుర్రాడు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) రెండు నెలలుగా జీతం ఇవ్వలేదనీ, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదనీ మొదలుపెడతాడో లేదో, చిన్నాయన గింజ కొరికి, పొట్టు పక్కకు ఊసి అందుకుంటాడు: “ఇదేం కష్టం అబ్బీ! సద్దాం వచ్చినప్పుడు మేము పడినాం సూడు...” 1990 ఆగస్టు 2న సద్దాం పంపిన ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించుకోవడం, ఆ తర్వాత సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో స్వదేశానికి చేర్చడం చరిత్ర. అందులో ఇతని కష్టమూ నిజమే. చిక్కల్లా, చిన్నాయన దాన్ని సర్వరోగ నివారిణిగా వాడుతున్నాడు. జీతం రాకపోయినా సద్దామే, పెళ్ళాం ఫోను ఎత్తకపోయినా సద్దామే, నడుం పట్టేసినా సద్దామే.

ఇతన్ని చూసి నవ్వని వాళ్ళు లేరు. కానీ ఆ చాప చుట్టూ వారం వారం జనం ఎందుకు మూగుతున్నారో నవ్వేవాళ్ళు చెప్పరు. నేననేది ఒకటే: చిన్నాయన మందు తప్పు, ఆసుపత్రి, అంటే ఆ ఆరుబయలు, మాత్రం రైటు. ఈ కుర్రాళ్ళు ఉండేది గదికి ఆరుగురో ఎనమండుగురో, మంచం మీద మంచం. పైమంచం వాడు వెక్కితే కిందిమంచం ఊగుతుంది. అక్కడ ఏడవడానికి కూడా అందరి అనుమతి కావాలి. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతోంది, అది అన్ని గడపలూ దాటి లోపలికి వెళ్ళలేదు. అలాంటి ఇంట్లో ఉన్న ఆమెకు ఆరుబయట అంటే, చెత్తసంచి పట్టుకుని వీధి మూల డబ్బా దాకా నడిచే దూరం. ఆ నాలుగు నిమిషాల్లోనే ఫోనులో ఊరికి చెప్పుకోవాలి, కళ్ళు తుడుచుకోవాలి, వెనక్కి రావాలి. నాలుగు గోడల మధ్య గుట్టు లేని మనుషులకు గోడల్లేని చోటే కన్సల్టింగ్ రూము.

చెట్టూ గాలీ చేసే మేలు ఉత్త కబుర్లు కాదు. పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో ఒక పరిశోధన ప్రచురించాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషను అయినవాళ్ళలో కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మందినీ, ఇటుక గోడ కనిపించిన 23 మందినీ పోల్చాడు. చెట్లు చూసినవాళ్ళు ముందుగా ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పిమందులూ తక్కువే వాడారు. ఇక సోఫా వైద్యానికి ఆద్యుడైన ఫ్రాయిడే 1910లో సంగీతకారుడు మాలర్ కాపురం గొడవను లైడెన్ పట్నంలో నాలుగు గంటలు నడుస్తూ విన్నాడు. పక్కపక్కన నడిచేటప్పుడు కళ్ళలో కళ్ళు పెట్టి చూడక్కర్లేదు, మగవాడికి నోరు పెగలడం సులువు. ఫ్రాయిడ్‌కు ఇంకో సదుపాయం కూడా ఉంది, చెప్పుకోవడానికి సద్దాం కథ లేదు.

కువైట్‌లో ప్రకృతి ఎక్కడుంది, ఇసుకా ఎండా తప్ప అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2016 జులైలో ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయ్యాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించడాన్ని ప్రభుత్వమే నిషేధించింది. ఆ కాలంలో పగలు చాప పరిచే వైద్యుడికే ముందు వైద్యం కావాలి. కానీ సాయంత్రాలున్నాయి, చలికాలం ఉంది. నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా కువైటీలే విల్లాలు వదిలి ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. ఏసీ గదులున్న యజమాని ఇసుకలో కూర్చుంటే విశ్రాంతి, డ్రైవరు గడ్డి మీద కూర్చుంటే పనిలేనితనమా? ఆరుబయట గుట్టు దాగదంటారు మరికొందరు. గాలి హోరులో పక్క చాపకు మాట వినపడదు. గుట్టు రట్టు చేసేది చిన్నాయనే. “పేరు చెప్పను గానీ, సాల్మియాలో పనిచేస్తాడే, ఆ పులివెందుల అబ్బోడు, ఎర్రగా ఉంటాడు...” అని పక్క శుక్రవారం ఇంకొకరికి ఉదాహరణ ఇస్తాడు.

అసలు అభ్యంతరం వేరే ఉంది. చదువూ శిక్షణా లేనివాడికి మనసుల జోలి ఎందుకని. దీనికి జింబాబ్వే జవాబు చెప్పింది. అక్కడ డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు 2006లో అవ్వలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్‌ల ఆవరణలో బల్లల మీద కూర్చోబెట్టాడు. ఆ బల్ల దగ్గరికి వెళ్ళినవాళ్ళలో ఆరు నెలల తర్వాత దిగులు లక్షణాలు బాగా తగ్గాయని 2016లో అమెరికా వైద్యపత్రిక ‘జామా’లో అచ్చయింది. ఆ అవ్వలు డాక్టర్లు కారు. కానీ ముందు వింటారు, సమస్యల్లో ఒకదాన్ని ఎంచి దారి వెతికిస్తారు, తమ చేతిలో లేదనిపిస్తే పైకి పంపుతారు. ఇక్కడా అంతే: చావు మాట ఎత్తినవాడిని చాప మీద కూర్చోబెట్టుకోకూడదు, షువైఖ్‌లోని మానసిక వైద్యశాలకు తీసుకెళ్ళాలి. జీతం ఎగ్గొట్టిన కేసుకు ఓదార్పు చాలదు, రాయబార కార్యాలయం మెట్లు ఎక్కించాలి. చిన్నాయనకు అవ్వలకున్న వయసుంది, ఓపికుంది, బల్ల బదులు చాపుంది. లేనిది వినే విద్య ఒక్కటే, అది నేర్పితే వస్తుంది.

కాబట్టి కువైట్‌లోని తెలుగు సంఘాలకు ఒక మనవి. ఉగాదికి సినిమా గాయకులను పిలిపించే ఖర్చులో కొంత మిగిల్చి, ఇలాంటి చిన్నాయనలను పదిమందిని పోగుచేసి, వినడం ఎలాగో ఒక నిపుణుడితో నేర్పించండి. చాప ఎత్తేయించకండి, ఫ్లాస్కు లాక్కోకండి. చిన్నాయనకూ ఒక మాట: ఎదుటివాడు చెప్పడం పూర్తయ్యేదాకా నోట్లో గింజలు వేసుకుంటూనే ఉండండి, సద్దాంను మాత్రం రెండో టీ దాకా దేశంలోకి రానివ్వకండి.