చేపలొచ్చాయి, డ్రాగన్లు అవే

మా మేనల్లుడు మళ్లీ బండెక్కాడు. చేతులు కట్టేసి, కొండల్లోంచి తల నరికించడానికి తోలుకుపోయే బండి. ‘స్కైరిమ్’ వీడియో ఆట మొదలయ్యేది అందులోనే. విజయనగరంలో మా అక్కావాళ్లింట్లో ఆ బండి కదలడం నేను చూడ్డం ఇది నాలుగోసారి.

“అదే బండి కాదేట్రా?”

“కాదు మావయ్యా, ఇది యానివర్సరీ ఎడిషన్.”

“మరేటి కొత్త?”

“చేపలు పట్టొచ్చు!”

ఆట పుట్టింది 2011 నవంబరు 11న. 2013లో అనుబంధాలన్నీ మూటగట్టి ‘లెజెండరీ’ అన్నారు. 2016లో వెలుగునీడలు దిద్ది ‘స్పెషల్’ అన్నారు. 2017లో నింటెండో స్విచ్‌లోకీ, కళ్లకు కట్టుకునే వీఆర్‌లోకీ దూర్చారు. 2018లో ఆట తయారుచేసిన బెథెస్డావాళ్లు తమని తామే వెక్కిరించుకుంటూ అలెక్సాలో పెట్టారు. బొమ్మ లేదు, నోటితోనే ఆడాలి. వెక్కిరింతే కదా అనుకుంటే అదీ నిజంగానే ఆడేలా ఇచ్చారు! ఆ ఏడాదే తర్వాతి ఆట వస్తోందంటూ అరనిమిషం సేపు కొండలు చూపించి, 2021లో ‘యానివర్సరీ’ అంటూ మళ్లీ పాత కొండల మీదకే తోలారు.

పదేళ్లకి చేపలు. కళింగపట్నం జాలర్లకి చెబితే పడీ పడీ నవ్వుతారు. పోనీ డబ్బు చేపలకేనా అంటే, అవి స్పెషల్ ఎడిషన్ ఉన్నవాళ్లకి ఊరికే ఇచ్చారట. మావాడు కట్టింది కత్తులకీ, కవచాలకీ, కాపురముండని ఇళ్లకీ. ఇక ఆటలో తప్పులు దిద్దే పని అభిమానులే నెత్తినేసుకుని ‘అనధికార ప్యాచ్’ కట్టారు. ఇన్ని కొత్త పేర్లు వచ్చినా వాళ్లకి పని తప్పలేదు.

పాతది మళ్లీ తెస్తే నాకేం పేచీ లేదు. మా పైడితల్లమ్మ జాతర ఏటా అదే, దసరా వెళ్లిన మంగళవారం. పూజారి కూర్చుని ఊరేగే సిరిమాను మాత్రం ఏటికేడు కొత్తది. అమ్మవారు పూజారి కలలో చెప్పిందంటూ చింతచెట్టుని వెతికి తెస్తారు. నిరుటి మానుకి రంగేసి ‘స్పెషల్ మాను’ అంటే ఊరు ఊరుకుంటుందా? గురజాడవారు కూడా 1897లో అచ్చేసిన కన్యాశుల్కాన్ని 1909లో మళ్లీ తెచ్చారు. తిరగరాసి తెచ్చారు. మధురవాణి పెరిగి నాటకాన్నే ఏలింది. గిరీశం చేతికి గేలమిచ్చి సరిపెట్టలేదు.

ఇన్నిసార్లు ఎందుకయ్యా అంటే ఆట దర్శకుడు టాడ్ హోవార్డ్ దాపరికం లేకుండానే చెప్పాడు: మీరు కొనడం మానండి, మేం తేవడం మానేస్తాం అని. అంటే దొంగ మావాడేనన్నమాట.

రాత్రి తొమ్మిదైంది. తెరమీద వాడు చెరువుగట్టున గేలం వేసుకుని కదలకుండా నిలబడ్డాడు. వంటింట్లోంచి అక్క మూడోసారి కేకేసింది.

“ఒరే, చేపల పులుసు చల్లారిపోతంది!”

“ఉండమ్మా, చేప పడతంది!”